కుర్చీలో కూర్చుని నేర్పిన నాట్యం

మోకాలు టప్పుమన్న చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. గెంతు ఎలా వేయాలో చూపిస్తూ నాట్యం టీచరు గాల్లోకి లేచింది. దిగేటప్పుడు పాదం ఒకవైపు, మోకాలు ఇంకోవైపు తిరిగాయి. ఆపరేషన్ అయ్యాక డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "కొన్నాళ్ళకు మామూలుగా నడుస్తారమ్మా. గెంతడం మాత్రం ఇక మరిచిపోండి."

ఆ రోజంతా ఏడ్చింది. మర్నాడు కళాశాలకు ఫోన్ చేసింది.

"చివరి సంవత్సరం పిల్లల ప్రదర్శన దగ్గరపడుతోంది కదా, వేరే ఆవిడతో మాట్లాడాను. మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు ప్రిన్సిపాల్.

"కాలు పోయింది గానీ నోరు బాగానే ఉందండీ. ఒక కుర్చీ వేయించండి, చాలు."

"డాన్సు నోటితో ఎలా నేర్పుతారమ్మా?"

"అదే తెలుసుకోవాలి. ఒక్క వారం చూడండి. కుదరకపోతే నేనే తప్పుకుంటాను."

అంతవరకు ఆమె పద్ధతి ఒక్కటే. తను ముందు నిలబడి చేసేది, పిల్లలు చూసి చేసేవారు. మాటలతో పెద్దగా పని పడలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని "అలా కాదు, ఇలా" అంటూ చేయి తిప్పింది. పిల్లలంతా బుద్ధిగా చేతులు తిప్పారు.

"చెయ్యి కాదర్రా, కాలు!"

ఎవరికి తోచినట్టు వాళ్ళు కాళ్ళు తిప్పారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పూటంతా ఇదే తంతు.

ఇంటికి వచ్చీ రాగానే భర్తను సోఫా పక్కన నిలబెట్టింది. ఆయనకు మందుల షాపు ఉంది. నాట్యానికీ ఆయనకూ ఆమడ దూరం. ఆమెకు కావలసింది సరిగ్గా అలాంటి మనిషే.

"బరువు ఎడమ కాలి మీద వేయండి. కుడి భుజం వెనక్కి. నడుం నిటారుగా. ఇప్పుడు తిరగండి."

తిరిగాడు. తిరుగుతూనే ఉన్నాడు. చివరికి సోఫా తగిలి దిండ్ల మీద బోర్లా పడ్డాడు.

"ఆగాలి కదండీ!"

"ఆగమని చెప్పావా?" అన్నాడు దిండులోంచే. తర్వాత లేచి చొక్కా సర్దుకున్నాడు. "నువ్వు కాలు, భుజం, నడుం అంటుంటే నేను మనిషినో, విడిభాగాల కొట్టునో అర్థం కావట్లేదు. అసలు నేనెందుకు తిరుగుతున్నానో చెప్పు."

ఆమె కింద పడ్డ దిండు తీసి సోఫాలో పెట్టింది.

"వెనక నుంచి ఎవరో పిలిచారు. మీకు వెళ్ళాలని లేదు. అయినా తిరగక తప్పదు."

ఆయన ముందు తల కొంచెం తిప్పాడు. తర్వాత భుజం కదిలింది. పాదాలు అన్నిటికంటే ఆలస్యంగా, అయిష్టంగా తిరిగాయి. అడుగు మోటుగానే ఉంది. కానీ ఆమె ఇన్నేళ్ళుగా పిల్లల నుంచి రాబట్టాలని చూసిన తిరుగుడు అదే.

"మళ్ళీ చేయండి" అంది.

"అన్నం తిన్నాక" అన్నాడాయన.

మర్నాడు తరగతిలో పిల్లలు తమను తాము చూసుకోకుండా గోడకున్న అద్దానికి తెర వేయించింది. పిల్లలు నేర్చుకుంటున్నది రేవులో పడవ కోసం ఎదురుచూసే జనం గురించిన నాట్యం. ఎవరి కోసం చూస్తున్నారో, పడవ రాకపోతే ఏమవుతుందో ఒక్కొక్కరినీ చెప్పమంది.

ఆ తరగతిలో ప్రతిదానికీ ఎందుకని అడిగే పిల్ల ఒకతె ఉంది. అందరూ ఆమెను ఎందుకమ్మ అనేవారు. ఇదివరకు టీచరు "ముందు చెయ్యి, తర్వాత తెలుస్తుంది" అని నోరు మూయించేది.

"మేడం, గెంతుకి ముందు ఎందుకు ఆగుతాం?" అంది ఆ పిల్ల.

ఈసారి టీచరు నోరు మూయించలేదు. "నాకు తెలీదు. మా గురువుగారు ఆగేవారు, నేనూ ఆగాను. ఆగకుండా చేసి చూడండి."

చేశారు. గెంతు సగంలోనే చచ్చుబడింది.

"ఊపిరి అందలేదు మేడం!" అని అరిచింది ఎందుకమ్మ. "ఆగేది ఊపిరి కోసం!"

అప్పటి నుంచి పిల్లల్ని జంటలుగా విడదీసింది. ఒకరు కళ్ళు మూసుకోవాలి, రెండోవాళ్ళు మాటలతోనే అడుగు నేర్పాలి. గదిలో గోల మొదలైంది.

"గబగబా అంటే ఎంత గబగబా?" అన్నాడు నిచ్చెన అని అందరూ పిలిచే పొడుగు కుర్రాడు.

"బస్సు కదిలిపోతుంటే ఎంతో అంత!" అంది ఎందుకమ్మ.

వారం చివర ప్రిన్సిపాల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారేంటమ్మా?"

"ఎదురుచూసేవాళ్ళంతా ఒకేలా చూస్తారాండీ? తాళం తప్పారేమో చూడండి."

చూశాడు. పాదాలన్నీ ఒక్కసారే నేలకు తగులుతున్నాయి. కొత్తావిడ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం నిచ్చెన ఆ గెంతు అద్భుతంగా వేశాడు. ఒకప్పుడు ఆమెకు పేరు తెచ్చిన గెంతు అది. ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. తర్వాత అతన్ని దగ్గరికి పిలిచింది.

"దిగేటప్పుడు మోకాలు పాదం వైపే ఉండాలి నాన్నా. నాది లేదు. అందుకే ఈ కుర్చీ."

ఆ రోజు అందరూ దిగడం ఒక్కటే సాధన చేశారు.

ప్రదర్శన మొదటి రోజు ఆమె ప్రేక్షకుల్లో కూర్చుంది. నాట్యం నడుమ ఎందుకమ్మ తన వంతు రాకముందే వరసలోంచి బయటికి అడుగేసింది. వేదిక ముందు ఒంటరిగా నిలబడిపోయింది. టీచరు లేవబోయింది. అంతలో నిచ్చెన ఆ పిల్లను వెనక్కి లాక్కొచ్చేవాడిలా వెళ్ళాడు. మిగతావాళ్ళు అది చూసి దారి ఇచ్చారు, మళ్ళీ వరస కలిసింది. జనం చప్పట్లు కొట్టారు. తప్పు జరిగిందని వాళ్ళెవరికీ తెలియలేదు.

తెర వెనక ఎందుకమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. టీచరు వెళ్ళి పక్కన కూర్చుంది. "పాడు చేశాను మేడం."

"ముందు వచ్చావు, నిజమే. మరి వెనక్కి పరిగెత్తలేదేం?"

"పరిగెడితే ఇంకా అసహ్యంగా ఉండేది."

"కళ్ళు తుడుచుకో. రేపు పొద్దున్నే అందరూ రండి, సాయంత్రం ప్రదర్శనలోపు ఆ చోటు బాగుచేద్దాం" అంది టీచరు. ఆ పిల్ల భుజం పట్టుకుని లేచి నిలబడింది.

మరుసటి ఏడాది మొదటి సంవత్సరం తరగతి కూడా ఆమెకే ఇచ్చారు. సహాయానికి ఎవరు కావాలని ప్రిన్సిపాల్ అడిగితే చదువు ముగించుకున్న ఎందుకమ్మను కోరి తీసుకుంది. ఇద్దరికీ రోజూ ఏదో ఒక అడుగు దగ్గర వాదన పడుతూనే ఉంటుంది. కొత్త పిల్లలు చుట్టూ కూర్చుని వింటుంటారు.