గోడమీది మొదటి మాట

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న నోవైలో, మా తెలుగు చర్చికి ఎవరు కొత్తగా వచ్చినా, కాఫీ కప్పు చేతికందేలోపే ఒక ప్రశ్న వస్తుంది. "మీ ఇంటిపేరు ఏంటండీ?" అడిగేది పేరు గురించి కాదని అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. ఏ పేట నుంచి, ఏ కులం నుంచి వచ్చి ప్రభువును నమ్ముకున్నారో ఆ ఒక్క ముక్కతో తేలిపోతుంది. మా ఆయన ప్రేమానందం మాత్రం "లాలిబెర్తె" అంటాడు. అవతలివాళ్లు తెల్లబోతారు. "ఫ్రెంచ్ నేమ్ అండీ. మాది యానాం కదా, మా పూర్వీకుల్లో ఒక ఫ్రెంచ్ ఆఫీసర్ ఉండేవాడు," అనగానే ఇక ప్రశ్నలుండవు. చర్చికి వెళ్లేదాన్ని అనకూడదు గానీ, ఆ ఆఫీసర్ మా గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ.

అలాంటి ఆఫీసర్ ఎవరూ లేరని పెళ్లయిన కొత్తలోనే నాకు తెలిసింది. ఎవరి కొంపా మునగడం లేదు కదా అని ఊరుకున్నాను.

మూడేళ్ల కిందట ఒకరోజు మందుల షాపులో కూర్చుని ఉన్నాం. కౌంటర్లో అమ్మాయి "లాలిబర్టీ" అని పిలిచింది. మా ఆయన లేచాడు. ఆయనతో పాటు చేతికర్ర ఆనించుకుంటూ ఒక తెల్లావిడ కూడా లేచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయారు.

ఆవిడ పేరు హెలెన్. ఎనభై దాటాయి. బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. పిల్లల్లేరు, ఉన్న ఒక్క తమ్ముడూ పోయాడు. ఆ ఇంటిపేరు మోసేవాళ్లలో తనే ఆఖరిదాన్నని అనుకుంటోందట. "మీకీ పేరు ఎలా వచ్చింది?" అని మా ఆయన్ని అడిగింది. పాపం, ఆశకొద్దీ అడిగింది. ఈయనకేమో అది మనవాళ్లు అడిగే ప్రశ్నలాగే తోచింది. అలవాటుపడ్డ నోరు కదా, ఆఫీసర్ని బయటికి తీసింది.

అప్పటినుంచి హెలెన్ మా ఇంటి మనిషైపోయింది. థాంక్స్‌గివింగ్‌కి వచ్చి నా కోడిపులుసు తిని కళ్లు తుడుచుకునేది. మా ఆయన్ని "కజిన్" అని పిలిచేది. మంచు పడితే ఈయన వెళ్లి ఆవిడ ఇంటి డ్రైవ్‌వే క్లీన్ చేసి వచ్చేవాడు. నిజంగా ప్రేమగానే చేసేవాడు, ఆ మాట కాదనను.

కానీ ఆవిడ ఆ ఆఫీసర్ని వెతకడం మొదలుపెట్టింది. వాళ్ల వంశంలో మొదటివాడు కూడా ఫ్రెంచ్ సైన్యంలోనే ఇటు డెట్రాయిట్ కోటకు వచ్చాడట. అతని తమ్ముడో అన్నో అటు ఇండియాకు వెళ్లి ఉంటాడని ఆవిడ నమ్మకం. ఆ వయసులో లైబ్రరీకి వెళ్లి కంప్యూటర్ నేర్చుకుంది. ఫ్రాన్స్‌కి ఈమెయిళ్లు పంపింది. వచ్చినప్పుడల్లా "ఇంకా దొరకలేదు కజిన్, వదిలిపెట్టను," అనేది. లేని మనిషి ఎక్కడ దొరుకుతాడు?

"ఏవండీ, ఆవిడకి నిజం చెప్పెయ్యండి. అమెరికన్‌కి మన కులాలతో ఏం పని?" అన్నాను.

"ఇప్పుడు చెప్తే చీట్ చేశాననుకోదూ? పోనీలే మణీ, ఆవిడకి హ్యాపీగా ఉంది కదా," అన్నాడు.

పోయిన వేసవిలో మా పెద్దాడబిడ్డ జోసఫిన్ ఆరు నెలలుందామని యానాం నుంచి వచ్చింది. మా వదినకి ఇంగ్లీషు రాదు, దాపరికం అసలే రాదు. హెలెన్ భోజనానికి వచ్చినప్పుడు, వంశం సంగతి ఈవిడకి బాగా తెలుస్తుందని మా ఆయన్ని తర్జుమా చెయ్యమంది. వదిన చెయ్యి కడుక్కుని మరీ కూర్చుంది.

"మా తాతగారి నాన్న నూకయ్యండీ. దొరల కచేరీ అరుగు మీద కాలు పెట్టనిచ్చేవోరు కాదంట మనోళ్లని. అలాంటిది, పాత కులం, పాత పేరు వొదిలేసుకుంటానని సంతకం పెడితే కొత్త ఇంటిపేరు రాసిత్తామని ఫ్రెంచోళ్లు చట్టం తెచ్చారంట. నూకయ్య తలపాగా చుట్టుకుని సరాసరి లోపలికెల్లిపోయాడంట. ఏ పేరు కావాలన్నాడంట గుమస్తా. గోడ మీద మూడు మాటలు రాసున్నాయంట. మొదటి దానికి అర్థమేంటని అడిగాడంట. స్వేచ్ఛ అన్నారంట. అదే రాయండన్నాడు. సమానత్వం, సోదరభావం అని మిగతా రెండూ ఉన్నాయి చూడండీ, అయ్యింకా రావాలర్రా అనేవోడంట, పోయేదాకా."

చెప్పి వదిన గర్వంగా నవ్వింది. హెలెన్ కళ్లు మెరుస్తున్నాయి. "ఏమంటోంది?" అంది.

మా ఆయన ప్లేటు వైపు చూస్తూ ఇంగ్లీషులో అన్నాడు, "ఆఫీసర్ చాలా మంచివాడట. ఊళ్లో అందరూ ఆయనంటే గౌరవంగా ఉండేవారట."

నాకు ఒళ్లు మండిపోయింది. అంత గొప్ప మనిషిని ఆ ముద్ద దిగేలోపే చంపేశాడు. అయినా నేనూ నోరు విప్పలేదు. విస్తరి ముందు మొగుడి పరువు తియ్యకూడదనే పాడు పెంపకం నాది.

ఆకులు రాలే కాలానికి హెలెన్ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం చూడడానికి వెళ్లాం. గొంతు బాగా సన్నబడింది. మా ఆయన చెయ్యి పట్టుకుంది.

"కజిన్, నీ దగ్గర ఒకటి దాచాను. మా మొదటివాడికి అమ్మానాన్న ఎవరో తెలియదు. చర్చి గుమ్మంలో దొరికిన పసిబిడ్డ. సైన్యంలో చేరినప్పుడు తనకు తాను పెట్టుకున్న పేరిది. నువ్వేమో ఆఫీసర్ల వంశం. చెప్తే నన్ను నీ మనిషి కాదంటావేమోనని సిగ్గుపడ్డాను."

ఆయన నోరు తెరిచాడు. "పర్వాలేదు హెలెన్," అని మాత్రం అన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని నిద్రపోయింది.

కారు దగ్గరికి వచ్చాక నేను ఏమీ అనకముందే, "రేపు పొద్దున్నే వద్దాం. అక్కని కూడా తీసుకొద్దాం. అంతా చెప్పేస్తాను," అన్నాడు. ఆ రాత్రే హెలెన్ దాచిన సంగతీ, తన ఆఫీసర్ సంగతీ వదినకి చెప్పాడు. మర్నాడు ముగ్గురం బూట్లు వేసుకుంటుండగా ఫోన్ వచ్చింది. హెలెన్ పోయింది.

సమాధి దగ్గర పట్టుమని పదిమంది లేరు. బంధువులెవరైనా మాట్లాడతారా అని పాస్టర్ అడిగాడు. ఆ పేరున్న మనిషి ఈయనొక్కడే కాబట్టి అందరూ ఇటే చూశారు. ఈయన ముందుకు వెళ్లి నూకయ్య కథ చెప్పాడు. తలపాగా, అరుగు, గుమస్తా, గోడ మీది మూడు మాటలు, ఇంకా రావలసిన రెండూ, ఏదీ వదల్లేదు. నూకయ్య కులం పేరు కూడా చెప్పాడు. ఆ మాట ఆయన నోట నలుగురిలో వినడం నాకు అదే మొదటిసారి. ఆఫీసర్ అబద్ధమని కూడా చెప్పాడు.

హెలెన్‌తో కలిసి బడిలో పనిచేసిన ఒక ముసలావిడ వచ్చి ఆయన చేతులు పట్టుకుంది. "ఇది వింటే హెలెన్ ఎంత సంతోషించేదో," అంది.

కార్లో స్టీరింగ్ మీద తల పెట్టుకుని మా ఆయన ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. వెనక సీట్లోంచి వదిన ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఆనందం, ఆవిడున్నప్పుడే చెప్పుంటే, ఆవిడ కూడా తలెత్తుకుని పోయేది కదరా," అంది.