పక్కింటాయన పరుపు

అప్పటికే దూదమ్మ సగం దూది ఏకేసింది. ముక్కుకీ నోటికీ ఒక గుడ్డ, తలకి ఇంకో గుడ్డ చుట్టుకుని, పెరట్లో పరిచిన గోనెపట్టా మీద గొంతుక్కూర్చుని, రెండు సన్నటి బెత్తాలతో పాత దూదిని టపటపా కొడుతోంది. రాళ్ళలా ఉండలు కట్టిన దూది దెబ్బదెబ్బకీ విచ్చుకుంటోంది. ఆమె కనుబొమలు తెల్లబడిపోయాయి. ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఇప్పుడు ఆమే పలకదు.

దూది ఏకడం ఆమెకి కొత్త కాదు. ఈ పరుపు పక్కింటి డ్రైవరుది కావడమే వింత.

బస్సు నడిపినన్నాళ్ళూ ఆ మనిషి వీధిలో ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు, దూదమ్మతో తప్ప. ఒకప్పుడు ఈ పెరట్లో రేకుల పాక ఉండేది. అందులోనే దూదమ్మా, ఆమె మొగుడూ పరుపులు కుట్టి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి, ఒక ఇంటివాళ్ళని చేశారు. దూది దుమ్ముకి తనకి ఆయాసం వస్తోందని డ్రైవరు గొడవపడ్డాడు. అది నిజమే. అంతటితో ఆగి ఉంటే ఆమె పాక చుట్టూ తడికెలు కట్టించేది. ఆయన ఆగలేదు. పాకలో నిప్పంటుకోవడం కళ్ళారా చూశానని అధికారులకి చెప్పాడు. అగ్గిపుల్ల కూడా గీయని పాకలో నిప్పు! వాళ్ళొచ్చి రేకులు పీకించేశారు. మొగుడు ఆ దిగులుతోనే పోయాడని ఆమె నమ్మకం. అంతకు చాలా ముందునుంచే మొగుడికి గుండెజబ్బుంది. అయినా కోపానికి ఆ లెక్కలన్నీ ఎక్కుతాయా?

దూదమ్మ మంచి భక్తురాలు. రోజూ పడుకునే ముందు వీధి ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఒక్కో ఇంటినీ దేవుడికి అప్పజెబుతుంది. డ్రైవరు ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దగ్గు వచ్చేది. దగ్గు తగ్గాక ఆ అవతలి ఇంటితో మొదలుపెట్టేది.

మొన్న ఆదివారం చర్చి బయట పాస్టరుగారిని నిలదీసింది కూడా.

"శత్రువుని ప్రేమించమంటే సరేనయ్యగారూ, వాడెక్కడో దూరంగా ఏడుస్తాడు. ఈ పొరుగువాడే కష్టం. గోడవతలే ఉంటాడు."

ఆయన పకపకా నవ్వాడు. "అందుకేనమ్మా, దేవుడు దాన్ని సలహాగా వదిలెయ్యకుండా ఆజ్ఞగా చెప్పాడు."

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. నచ్చకపోయినా వెంటబడి వచ్చింది. డ్రైవరు కాలుజారి పడి నడుం విరగ్గొట్టుకున్నప్పటినుంచి ఆయన మూలుగు గోడలోంచి వచ్చి సరిగ్గా ఆమె దిండు దగ్గరే వినబడుతోంది. ఇవాళ పొద్దున డ్రైవరు భార్య తమ పరుపుని పిట్టగోడ మీద ఎండేసింది. దూదమ్మ చూపు దాని మీద పడింది. పరుపు కాదది, చెక్క. దాని మీద పడుకున్న మనిషి వీపు పుండ్లు పడక ఏమవుతుంది?

"వదినా, ఆ పరుపు ఇటివ్వు," అంది. ఏళ్ళ తర్వాత ఆ ఇంటి మనిషితో ఆడిన మొదటి మాట అది.

డ్రైవరు భార్య బిత్తరపోయింది. "ఆయనకి తెలిస్తే ఊరుకోరు వదినా."

"బజార్లో కుట్టించానని చెప్పు." అని నాలిక కరుచుకుంది దూదమ్మ. "వద్దులే. ఒక ఆజ్ఞ కోసం ఇంకో ఆజ్ఞ తప్పడమెందుకు? అడిగేదాకా ఏమీ చెప్పకు. సాయంత్రానికి ఇచ్చేస్తా, అప్పటిదాకా దుప్పట్లు మడిచి వెయ్యి."

మధ్యాహ్నానికి దూది అంతా మబ్బులా పొంగింది. దాన్ని కొత్త గుడ్డ సంచీలోకి ఎక్కించి, మోకాళ్ళతో తొక్కుతూ మూలల్లోకి సర్దింది. వీపు ఆనేచోట ఇంట్లో ఉన్న మెత్తటి కొత్త దూది నాలుగు గుప్పిళ్ళు ఎక్కువ వేసింది. ఆ తర్వాత పెద్ద దబ్బనంతో పైనుంచి కిందికి గుచ్చుతూ ముడులు బిగించసాగింది. ఈ పనిలో ఆమెకి మొగుడు నేర్పిన నియమం ఒకటే: దబ్బనం చేతిలో ఉండాలి, లేకపోతే కొప్పులో ఉండాలి. ఇంకెక్కడా ఉండకూడదు.

ఇంకో రెండు ముడులు ఉండగా గోడమీంచి పిలుపు.

"వదినా, అయిందా? దుప్పట్ల మీద తట్టుకోలేకపోతున్నారు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు."

"ఇదిగో, ఇదిగో!" అంటూ దూదమ్మ గబగబా పని ముగించింది. ఇద్దరూ కలిసి పరుపు మోసుకెళ్ళి మంచమ్మీద వేసి, ఆయన్ని పొర్లించారు. నొప్పితో కళ్ళు మూసుకున్న డ్రైవరు ఎవరు పట్టుకున్నారో కూడా చూడలేదు. వీపు ఆనగానే "అమ్మయ్య" అన్నాడు. కాసేపటికి గురక మొదలైంది. భార్య గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

దూదమ్మ ఇంటికొచ్చి, తలగుడ్డ విప్పి, అలవాటుగా కొప్పులో చెయ్యి పెట్టింది. దబ్బనం లేదు.

తలకి గుడ్డ ఉండడం వల్ల ఇవాళ దబ్బనం కొప్పులోకి వెళ్ళలేదు. గోడమీంచి పిలుపు విని తల తిప్పినప్పుడు, పరుపులోనే గుచ్చి ఉంచింది. ఆ తర్వాత అది మరిచిపోయి, పెట్టెలోంచి ఇంకో దబ్బనం తీసి ఆ ముడులు ముగించి, పరుపు తిరగేసి మోసుకెళ్ళింది. పెరడంతా వెతికింది. గోనెపట్టా దులిపింది. లేదు.

ఆ పుండ్ల వీపు కింద దబ్బనం! అది దిగిందంటే ఆ మనిషి బతకడం కష్టం. పొరపాటున జరిగిందంటే నమ్మేదెవరు? పగబట్టి మంచితనం నటించిందంటారు. తనైనా అలాగే అనేది. ఇన్నాళ్ళకి చేసిన ఒక్క మంచిపనీ ఇలాగా తగలడాలి? ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరుగెత్తింది.

"అన్నయ్యగారూ, లేవండి! కదలకండి, మేమే లేపుతాం. పరుపులో దబ్బనం వదిలేశాను."

డ్రైవరు కళ్ళు తెరిచి ఆమెని చూశాడు. పరుపుని చూశాడు. "అంటే, ఇది నువ్వు కుట్టిందా?"

"నేనే."

"కావాలని పెట్టావా?"

"కావాలని పెట్టేదాన్నయితే చెప్పడానికెందుకొస్తాను? ఆ బుద్ధి పుట్టిన రోజుల్లో మీరు నాచేత పరుపు కుట్టించుకోలేదు."

ఇద్దరాడవాళ్ళూ ఆయన్ని పక్కనున్న పడకకుర్చీలోకి చేర్చారు. దూదమ్మ పరుపంతా అరచేతులతో నొక్కి చూసింది. కొత్తగా ఏకిన దూది, ఎక్కడ నొక్కినా మునిగిపోతోంది. దబ్బనమూ దాంతోపాటే మునుగుతుంది. మనిషి బరువు పడితే తప్ప తేలదు.

ఆమె మంచమెక్కి, ఆయన పడుకున్నట్టే వెల్లకిలా పడుకుంది.

"వద్దు వదినా!" అంది డ్రైవరు భార్య.

దూదమ్మ వినిపించుకోలేదు. కొద్దికొద్దిగా జరుగుతూ, భుజాలు ఆనిస్తూ, నడుం ఆనిస్తూ పరుపంతా తన ఒంటితో వెతికింది. డ్రైవరు రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆమె "అబ్బా!" అని ఎగిరిపడింది. ఎడమ రెక్క కింద రవికె మీద ఎర్రటి చుక్క. గుడ్డలోంచి మొన బయటికొచ్చి మెరుస్తోంది.

"దొరికింది," అంది, నవ్వుతూ ఏడుస్తూ.

దబ్బనం లాగేసి, ఆ చోటుకి అక్కడే కూర్చుని కుట్టు వేయసాగింది.

"నిప్పంటుకోలేదు," అన్నాడు డ్రైవరు.

"ఏం నిప్పండీ?" అంది భార్య.

"ఆ పాకలో. నేనేమీ చూడలేదు. అబద్ధం చెప్పాను."

దూదమ్మ పంటితో దారం కొరికింది. "నాకు తెలుసన్నయ్యా."

"తెలిసీ కుట్టావా?"

"తెలిసే కుట్టాను. మీకు నిద్రలేకపోతే నాకూ లేదు. ఆ గోడ మందం అంతే."

డ్రైవరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. దూదమ్మకి ఆయన మీద జాలి వేసింది. ఆ జాలి వెనక కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు.

మర్నాటినుంచి ఆయన కొత్త వేషం మొదలుపెట్టాడు. తను మొట్టమొదట నడిపిన బండి తాలూకు రబ్బరు హారన్ ఒకటి అటకమీంచి తీయించి దిండు పక్కన పెట్టుకున్నాడు. ఒకసారి మోగిస్తే భార్య రావాలి. రెండుసార్లు మోగిస్తే గోడవతలి దూదమ్మ. ఆమె బెత్తాలు పక్కన పడేసి వచ్చేది. ఆయన్ని పక్కకి తిప్పడానికో, పుండ్లకి మందు రాయడానికో, ఒక్కోసారి ఊరికే, "ఇవాళ దుమ్ము రావడం లేదు, బేరాల్లేవా?" అని అడిగించుకోవడానికో. పుండ్లు మానుతూ వచ్చాయి. నడుం మానలేదు. ఒక మధ్యాహ్నం నిద్రలోనే, ఎవరినీ పిలవకుండా, ఆయన వెళ్ళిపోయాడు.

ఇప్పుడు డ్రైవరు భార్య పగలంతా దూదమ్మ పెరట్లోనే ఉంటుంది. కుట్టు నేర్చుకుంటోంది. ముడులు వంకరగా వేస్తుంది, తిట్లు తింటుంది, మళ్ళీ వేస్తుంది. హారన్ ఆవిడే తెచ్చి, "ఇంట్లో చూడలేకపోతున్నా, నీ దగ్గరుంచు వదినా," అని ఇచ్చింది. దూదమ్మ దాన్ని తన దిండు పక్కన కిటికీలో పెట్టింది. ఎన్నడూ మోగించలేదు. ఆయన బొటనవేలు నొక్కి నొక్కి సొట్టపడిన చోట, ఆ నల్లటి రబ్బరు ఇంకా లోపలికే ఉంది.