ఒప్పుకోలు వంతు

మిట్టమధ్యాహ్నం మోకాటి లోతు బురదలో పీతల కోసం చెయ్యి పెట్టి వెతుకుతున్న ఆదిశేషమ్మకు గట్టు మీద నుంచి కబురందింది. కరణం ఇంట్లో నిన్న రాగి అండా పోయిందట. పొద్దుగూకేలోగా యానాదుల గుడిసెల నుంచి దొంగ చావడికి రావాలట. ఈసారి వంతు ఆదిశేషమ్మ ఇంటిది.

అవును, వంతే. ఊళ్లో చెంబు పోయినా కోడి పోయినా ఈ గుడిసెల మీదే పడేవాళ్లు. పోలీసులొచ్చి ముసలీ ముతకా అని చూడకుండా అందరినీ చితకబాదడం కంటే, ఒక్కడు ఒప్పుకొని జైలుకు పోవడం మేలని తాతలనాడే కట్టుబాటు చేసుకున్నారు. పోయినవాడి పెళ్లాంబిడ్డలకు మిగతా గుడిసెలు గంజి పోస్తాయి. యానాదులను పుట్టుదొంగలుగా లెక్కగట్టిన తెల్లదొరల చట్టాన్ని మన సర్కారు ఎత్తేసి ఆరేళ్లయింది. చట్టాన్ని ఎత్తేశారు సరే, ఊరి నోరు ఎవరు మూయించాలి? పైగా వంతుకొకడు వెళ్లి నేనే అంటుంటే, ఊరికి అంతకన్నా రుజువేం కావాలి!

ఆదిశేషమ్మ మొగుడు మునెయ్య మొన్నమొన్ననే బిట్రగుంట దగ్గర రైలు పట్టాల గ్యాంగులో చేరాడు. రోజుకు రూపాయిన్నర కూలి. పోలీసు స్టేషనులో పేరెక్కితే ఆ పని ఊడినట్టే. అయినా ఆమె గుడిసెకు వచ్చేసరికే కబురు విని పని నుంచి వచ్చేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పోయినసారి కులపెద్ద చిన్నపోలయ్య అంత వయసులో జైలుకు పోయొచ్చాడని, ఇప్పుడు తను వెనకాడితే మనిషి కాడని అన్నాడు. ఆదిశేషమ్మకు ఒళ్లు మండింది. నువ్వు ఒప్పుకునేది అండా ఒక్కటేనా, రేపు పుట్టబోయే పిలకాయలకు కూడా దొంగ పేరు పెట్టి వస్తావా అని దులిపేసింది. మునెయ్య తల వంచుకొని నడిచాడు. ఆమె బురదకాళ్లతోనే వెంటబడింది.

చావడి ముందు గుడిసెలవాళ్లంతా గొంతుక్కూర్చున్నారు. అరుగు మీద మునసబు, పక్కన పోలీసు. ఎవడ్రా అని మునసబు ఆవలిస్తూ అడిగాడు. మునెయ్య లేవబోయాడు. ఆదిశేషమ్మ అతని భుజం పట్టి కూలేసింది.

"లెయ్యబాకు. నువ్వు తియ్యలేదు."

"మరి ఎవడే తీసింది?" అన్నాడు మునసబు.

"నాకేం తెలుసు సామీ? నిన్నంతా ఈయన పట్టాల కాడ పనిలో ఉండాడు. దొంగను ఎతుక్కునేది మీ పని. మేం ఇంటికొకణ్ణి పంపతా ఉంటే మీకు ఎతకడమే రాకుండా పోయింది."

ఆడదానితో వాదన తన పరువుకు తక్కువనుకున్నాడేమో, మునసబు చిన్నపోలయ్య వైపు తిరిగి మనిషిని చూపించమన్నాడు. గుడిసెలన్నీ ఆ ముసలాడి నోటి వంకే చూశాయి. ఆయన చూపించకపోతే దెబ్బలు అందరికీ. ఇంతమంది ఉసురు తనకు తగులుతుందేమోనని ఆదిశేషమ్మకు మొదటిసారి భయమేసింది.

చిన్నపోలయ్య జైల్లో విరిగి సరిగా అతకని చెయ్యి నేలకు ఆన్చి మెల్లగా లేచాడు.

"ఈ పిల్ల చెప్పింది నిజం సామీ. మునెయ్య తియ్యలేదు. నేనూ తియ్యలేదు. పోయినతూరి కూడా నేను తియ్యలేదు."

పోలీసు లాఠీ అందుకొని అరుగు దిగాడు. వెనక వరసలో ఒక ముసలమ్మ లేచి తనూ తియ్యలేదంది. ఆమె పక్కనున్నవాడు కూడా లేచాడు.