లక్ష్మీనరసమ్మ పీకేసిన గుర్రపుడెక్క

గుర్రపుడెక్క పేరెత్తితే చాలు, లక్ష్మీనరసమ్మకు ఒళ్లు మండిపోతుంది. గోదావరి కాలువకు అడ్డంపడి పొలాలకు నీళ్లు రానివ్వని ఆ పాడు మొక్కను లాగిపారేయడంలోనే ఆవిడ సగం వయసు గడిచింది. తీరా కొడుకును చూద్దామని పటాన్‌చెరు వస్తే, వాడి ఫ్యాక్టరీ వెనక గుంటనిండా అదే కులుకుతోంది.

కొడుకు త్రినాథరావు ఆ క్రోమియం పూత ఫ్యాక్టరీలో కెమిస్టు. సోమవారం ఫ్యాక్టరీ యజమాని సేటు గుంట చూడ్డానికి వస్తాడనీ, మెచ్చితే రెండో గుంట తవ్విస్తాడనీ, లేకపోతే ఫ్యాక్టరీ వదిలే పసుపునీళ్లు ఈ ఒక్క గుంటలో పట్టక దిగువనున్న రైతు ఐలన్న నారుమడిలోకే పోతాయనీ అన్నం తింటూ చెప్పాడు. అంతకుమించి ఆవిడ అడగలేదు. గుంట శుభ్రంగా ఉంటే ఏ సేటైనా మెచ్చుకోడా?

ఆదివారం కొడుకు హైదరాబాదు వెళ్లగానే వెదురుగడకు కొక్కెం కట్టి, కొంగు బిగించింది. పొద్దెక్కేసరికి గుంటలో ఒక్క మొక్క లేదు. రోహిణి కార్తె ఎండకు గట్టున కుప్పపడ్డవి చాలామటుకు వడిలిపోయాయి.

సాయంత్రం ఐలన్న వచ్చి, ఇంకా కాస్త పచ్చిగా ఉన్నవి ఏరుకుంటున్నాడు.

"మా బర్రెకేస్తనమ్మా."

అప్పుడే వచ్చిన త్రినాథరావు పరుగున వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పెట్టకు ఐలన్నా. నీళ్లలోని విషమంతా వీటి వేళ్లలోనే ఉంది. నీళ్లను తేటచేసేది ఇవే."

ఐలన్న మోపు వదిలేశాడు. "ఇగ మా నారు గతేంది సారూ?"

లక్ష్మీనరసమ్మ తను పీకిన కుప్పవంక చూసింది. కొడుకు తిట్టినా బాగుండేది. వాడు గట్టున కూలబడి నీరసంగా నవ్వాడు.

"మన కాలువలోంచే బస్తాలో తెచ్చానమ్మా. నీకు తెలిస్తే రైలెక్కనివ్వవని చెప్పలేదు."

ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. రాత్రంతా కునుకు లేదు.

తెల్లారేసరికి ఫ్యాక్టరీ నీళ్లు చేరి గుంట పసుపు తేలింది. చూడ్డానికొచ్చిన సేటు మొహం చిట్లించాడు.

"ఏంది త్రినాథరావు? పోయినసారి తేటగుండె గదా."

"వాణ్ణేం అనకండి బాబూ," లక్ష్మీనరసమ్మ ముందుకొచ్చింది. "మొక్కలన్నీ నేనే పీకేశాను. మీకు శుభ్రంగా కనబడాలని."

సేటు గట్టుమీది కుప్పను చూశాడు, గుంటను చూశాడు. ఉన్నట్టుండి పడీపడీ నవ్వాడు.

"మడ్డి అడుక్కు దిగితే నీళ్లు వాటంతట అవే తేటైతయనుకున్న. మొక్కల పనేం లేదనుకున్న. నువ్వెంత చెప్పినా నమ్మలే గని, మీ అమ్మ చూపెట్టింది. ఆ కుప్పను గోతిల పూడ్చిపెట్టు. రెండో గుంట జల్దీ తవ్వించు. మొక్కలెక్కడ దొరుకుతయి?"

త్రినాథరావు తల్లి వంక చూశాడు.

ఆ వారమే తమ ఊళ్లో కాలువగట్టున లక్ష్మీనరసమ్మ మొక్కలు కట్టి పంపడానికి తడిగోనెలు పరుచుకుని కూర్చుంది. సాయానికి వచ్చిన పొరుగింటి వెంకటరమణమ్మ అలవాటు కొద్దీ ఓ మొక్కను పట్టి విసురుగా లాగింది. లక్ష్మీనరసమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"మెల్లిగా తియ్యవే, వేళ్లు తెగుతాయి. అవతల ఐలన్న నారు వీటికోసమే చూస్తోంది."