జయరత్నమ్మ ఇంట కురిసిన మంచు

ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన తొలి క్రిస్మస్ అది. మదనపల్లె మిషన్ కాంపౌండులో ఇల్లు అలంకరించడం తెలిసింది తన ఒక్కదానికేనని జయరత్నమ్మ నమ్మకం. పక్కింటి జయశీల గడపకు మామిడాకులు కట్టి, వాకిట్లో ముగ్గేసి, నడుమ చామంతులు పెట్టింది. అది చూసి జయరత్నమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది.

"ఇదేం క్రిస్మస్సమ్మా, పెండ్లిల్లు మాదిరి ఉండాది! మా ఇల్లు సూసి నేర్చుకో."

మిషన్ దొరసాని ఇచ్చిన సీమ క్రిస్మస్ కార్డులో కిటికీల నిండా మంచు, దాని మీద ఎర్రటి పండ్లు ఉన్నాయి. జయరత్నమ్మ అంగట్లోని దూదంతా తెచ్చి కిటికీలకు, గుమ్మానికి అంటించింది. పండ్లకు బదులు దాని మీద ఎర్ర సిరా చల్లింది. ఆ ముగ్గుల మనిషికి మంచంటే ఏం తెలుసని నవ్వుకుంది. తానూ మంచును కార్డులో తప్ప చూడలేదు, అది వేరే సంగతి.

పొద్దుగూకే వేళ పాటల బృందం వచ్చింది. జయశీల వాకిట్లో డోలక్ అదిరిపోయేలా వాయిస్తూ పాడి, ఆమెను కూడా వెంటబెట్టుకుని జయరత్నమ్మ గుమ్మం ముందుకొచ్చారు. పుంగనూరు నుంచి కొత్తగా వచ్చిన పెద్దాయన బర్నబాస్ ఆ దూదిని చూసి, గబుక్కున డోలక్ ఆపించి తలగుడ్డ తీశాడు.

"పాడొద్దండప్పా. ఈడ ఎవరికో బాగలేనట్టుండాది. ఆ రగతం సూడండి!"

జయరత్నమ్మ నోరు తెరిచేలోగా అందరూ కళ్ళు మూసుకున్నారు, బర్నబాస్ ప్రార్థన అందుకున్నాడు.

"ప్రభువా, ఈ ఇంటిని పట్టిన రోగాన్ని వదిలించు."

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది జయశీల.