దగ్గరివారి పేరు

నూజివీడు మామిడి మార్కెట్లో ట్రేల మధ్య ఒక ఖాళీ ట్రే బోర్లించి కూర్చున్న విజయరాణి ఆ ఉదయం పదకొండో మనిషిని అదే ప్రశ్న అడిగింది.

"రోజుకెన్ని కాలుస్తారండీ?"

కాయలు ఏరుతున్న కూలీ తలెత్తలేదు. "ఎవరు చూసుకుంటారమ్మా," అన్నాడు.

"మానెయ్యాలనుందా?"

"ఈ సీజను పోనీండి, చూద్దాం."

ఫారంలో 'ఇష్టపడలేదు' అన్న గడిలో టిక్కు పెట్టి లేచింది. పొగాకు మాన్పించడం మీద విజయవాడలో ఒక సంస్థ పరిశోధన చేయిస్తోంది. రోజూ పొగ తాగేవాళ్ళలో మానడానికి సిద్ధపడేవాళ్ళను వెతికి, సంతకమో వేలిముద్రో తీసుకుని, వారం వారం వెళ్ళి పలకరించి రావడం ఆమె పని. మాట్లాడేటప్పుడు ఫోను మోగకూడదని నియమం. అందుకని అది ఎప్పుడూ సైలెంటులోనే ఉంటుంది. మోగినా మోగకపోయినా ఆమెకు పెద్ద తేడా ఏమీ లేదు.

యాభై రెండేళ్ళ సన్నటి మనిషి. సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. అక్షరాస్యత, కుష్టు సర్వే, పోలియో చుక్కలు, జనాభా లెక్కలు, ఇలా ముప్ఫై ఏళ్ళుగా జనం తలుపులు తడుతూనే ఉంది. బాపులపాడు నుంచి ఉంగుటూరు దాకా ఆమె ఎక్కని గడప లేదు, తీరిగ్గా కూర్చుని కబుర్లాడిన ఇల్లూ లేదు. అమ్మ మంచం పట్టాక ఆమె పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మ పోయాక ఎత్తడానికి ఎవరూ మిగల్లేదు.

పదకొండింటికి రెడ్డిగూడెం బస్సెక్కింది. చుట్ట మానతానన్న సవరమ్మకు ఇవాళ ఏడో రోజు.

సవరమ్మ ఒక మామిడితోటకు కాపలా. అరవై దాటింది. మూడుసార్లు పొమ్మని, పోయిన శుక్రవారం నాలుగోసారి అడిగితే ఒప్పుకుంది. ప్రశ్నలన్నీ అయ్యాక చివరి గడి ఒకటి మిగిలింది: అవసరమైతే కబురు చెయ్యడానికి దగ్గరివారి పేరు.

"ఎవరూ లేరమ్మా," అంది సవరమ్మ, చుట్ట పీకను నేలకేసి నలుపుతూ.

"ఆ గడి ఖాళీగా ఉంటే మిమ్మల్ని చేర్చుకోరండీ."

"అయితే నీ పేరు రాసుకో."

"నేను ఇందులో పనిచేసేదాన్ని. రాయకూడదు."

"చెల్లెలని రాయి. ఎవరొచ్చి చూస్తారు?"

ఉద్యోగంలో చేరేటప్పుడు తను నింపిన ఫారంలోనూ ఆ గడి ఉంది. అప్పుడు విజయరాణి చాలాసేపు ఆలోచించి, ఇంటి ఓనరు సీతారావమ్మ పేరును ఆవిడకు చెప్పకుండానే రాసేసింది. ఆ సంగతి గుర్తొచ్చింది. తన పేరు రాసి, పక్కన 'చెల్లెలు' అని రాసింది. తన నంబరు ఒక చీటీ మీద రాసిస్తే సవరమ్మ మడిచి జాకెట్లో దోపుకుంది.

ఇవాళ బస్సు దిగి ఫోను చూసుకుంటే ఎవరిదో నంబరు నుంచి నాలుగు కాల్స్ ఉన్నాయి. తిరిగి చేసేలోపే తోట దగ్గరికి వచ్చేసింది. పాక ముందు పదిమంది నిలబడి ఉన్నారు. తోట కౌలుకు తీసుకున్న వ్యాపారి సుబ్రహ్మణ్యం ఎదురొచ్చాడు.

"మీరేనా అండీ చెల్లెలు? జాకెట్లో చీటీ దొరికితే పొద్దుట్నించీ ఫోను చేస్తున్నాం. కోతకొచ్చిన ఆడవాళ్ళు లేపితే లేవలేదు. నిద్రలోనే పోయింది."

విజయరాణి మెడలోని ఐడీ కార్డు తీసి సంచీలో పెట్టుకుంది.

"అవునండీ," అంది.

"మట్టి చేద్దామా, దహనమా? మీ వాళ్ళ పద్ధతేంటో మాకు తెలీదు."

ఆమెకూ తెలీదు. అమ్మను ఎలా సాగనంపిందో అదే చెప్పింది. "మట్టేనండీ."

తడిబట్టతో సవరమ్మ మొహం తుడిచింది. నెరిసిన జుట్టుకు నూనె రాసి దువ్వింది. చుట్ట పట్టుకునే రెండు వేళ్ళూ పసుపురంగు తిరిగి ఉన్నాయి. ఎంత రుద్దినా పోలేదు. నీళ్ళు అందిస్తున్న మంగమ్మ అనే కూలిమనిషి మెల్లగా అంది:

"వారం నించీ చుట్ట ముట్టలేదండీ మీ అక్క. ఎందుకే అంటే, 'శుక్రవారం మా చెల్లి వచ్చుద్ది, అడుగుద్ది, దాంతో అబద్ధమాడలేను' అనేది."

విజయరాణి చేతిలో బట్ట ఆగిపోయింది. ఆడవాళ్ళొచ్చి ఆమె భుజాలు పట్టుకున్నారు, అక్క పోయిన మనిషిని పట్టుకున్నట్టే.

పొద్దువాలేసరికి అన్నీ అయిపోయాయి. సూపర్‌వైజరు ఫణికి ఫోను చేసి సవరమ్మ పోయిందని చెప్పింది.

"అయ్యో. సరే మేడమ్, పేరు కొట్టేయండి. ఇంకొకరిని చూద్దాం."

"ఏడో రోజుది రాసి కొట్టేస్తానండీ."

"మనిషే లేదు కదా, ఎవర్ని అడిగి రాస్తారు?"

"అడిగాను," అంది.

పాక ముందు కూర్చుని ఫారం తీసింది. ఈ వారంలో పొగ తాగారా? లేదు. తారీకు వేసి, సంచీ భుజానికి తగిలించుకుని బస్సు కోసం రోడ్డెక్కింది. కూలీలు అప్పటికే వెళ్ళిపోయారు. కాయలు కోసే చిక్కం ఒకటి పాక చూరుకు ఆనించి ఉంది. దాని వలలో, సవరమ్మ నిన్న కోసిన చిన్నరసం కాయ ఒకటి అలాగే ఉండిపోయింది.