తుప్పు బ్యాండులో నా కొలువు

నేను ఒక పెద్ద డ్రమ్మును. పట్టీతో మెడలో తగిలించుకుని, పొట్ట ముందు మోస్తూ రెండు వైపులా వాయిస్తారే, ఆ పెళ్ళిబ్యాండు డ్రమ్మును. చెక్క ఒళ్ళు, మేకతోలు మొహం. కాకినాడ జగన్నాథపురంలో దేవదానం మాస్టారు నన్ను మోసినన్నాళ్ళూ మనుషుల మీద నాకు పెద్దగా ఫిర్యాదుల్లేవు. పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం బెదిరినా, బావమరుదులు తాగి నా మీద పడినా ఆయన దరువు తప్పేది కాదు. తర్వాత ఊళ్ళోకి డీజే పెట్టెలొచ్చాయి. గుండెలదిరే చప్పుడే సంగీతమని పెళ్ళివాళ్ళు తీర్మానించుకున్నారు. ఆయన బ్యాండు చెదిరిపోయింది. నేను మంచం కిందికి చేరాను.

అక్కణ్ణుంచి నన్ను బయటికి లాగింది ఆయన మనవరాలు రూతు. పగలు మందుల షాపులో పనిచేసేది. దరువు తాత దగ్గరే నేర్చుకుంది. ధీరజ్ అనే కుర్రాడు రాక్ బ్యాండు పెడుతున్నాడని విని, నన్ను ఆటోలో వేసుకుని వెళ్ళింది.

ధీరజ్‌కి గిటారు కన్నా అభిప్రాయాలు బాగా వచ్చు. “మనది ఇండిపెండెంట్ బ్యాండు. పాట మనదే, రికార్డింగ్ మనదే, పోస్టరూ మనదే. ఎవడి దయా అక్కర్లేదు” అనేవాడు. ఎవడి దయా అక్కర్లేని ఆ బ్యాండు వాళ్ళ నాన్న మేడ మీద గదిలో, వాళ్ళ నాన్న కరెంటుతో, వాళ్ళమ్మ పరుపులు గోడలకు కట్టుకుని నడిచేది. బేస్ గిటారు వాయించే ఫణి మంచివాడు. అంటే, నోరు మెదపడు. బ్యాండు పేరు ‘తుప్పు’. సమాజానికి పట్టింది అదేనట. నన్ను నేల మీద నిలబెట్టి, కాలితో తన్నే పెడల్ బిగించారు. మనిషి గుండెకానుకుని బతికినదాన్ని తన్నులు తినే గతికొచ్చాను. రాక్ అంటే అదేనట.

మొదటి కచేరీ ఆ మేడ మీదే అయింది. వచ్చినవాళ్ళలో సగం పైగా ధీరజ్ చుట్టాలు. “దేవుడి పాటొకటి పాడు నాయనా” అని ఒక పెద్దావిడ అడిగితే, అతను కళ్ళు మూసుకుని విప్లవం గురించి అరిచాడు. ముందు వరసలో కూర్చున్న దేవదానం మాస్టారు చివరిదాకా విని, దగ్గు ఆపుకుంటూ లేచారు.

“పిల్ల బాగా కొట్టిందండి. బాబు మాత్రం దరువు కన్నా ముందే పరిగెడుతున్నాడు. బస్సేదైనా అందుకోవాలేమోనండి.”

ఫణి నవ్వాడు. ధీరజ్ నవ్వలేదు. ఆయన మెట్లు దిగాక, “పెళ్ళిమేళం వాళ్ళకి మన మ్యూజిక్ అర్థం కాదులే రూతూ” అన్నాడు. మర్నాడు ప్రాక్టీసులో రూతు కాలి నుంచి నా మీద పడిన తన్ను మాత్రం నాకోసం కాదు.

పాటలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ప్రపంచం ఊగిపోతుందని ధీరజ్ ఫోను చూస్తూ కూర్చున్నాడు. ప్రపంచానికి వేరే పనులున్నాయి.

వానల్లో దేవదానం మాస్టారు పోయారు.

“తాతని మేళం లేకుండా పంపను. మీరిద్దరూ రావాలి” అంది రూతు.

“వీధిలో గిటారుకి కరెంటెక్కడుంటుంది?” అన్నాడు ధీరజ్.

“తాత బ్యాండు తాళాలున్నాయి. అవి పట్టుకో.”

ఫణి చిన్న డ్రమ్ము తగిలించుకున్నాడు. శవపేటిక వెనక, రూతు మెడలో నేను. ధీరజ్ తాళాలు ఎంత అడ్డదిడ్డంగా మోగాయంటే, ఏడుస్తున్నవాళ్ళు ఏడుపాపి వెనక్కి చూశారు. వంతెన దగ్గర రూతు ఆగింది.

“నువ్వింక కొట్టకు ధీరజ్. పట్టీ మెడ కోసేస్తంది. దీన్ని కాస్త కింద పట్టుకో.”

తాళాలు చంకలో పెట్టుకుని, వంగి, రెండు చేతులతో నా బరువు ఎత్తిపట్టాడు. సమాధుల తోటదాకా పక్కవాటుగానే నడిచాడు. ప్రతి దెబ్బా అతని చెవి పక్కనే పడుతోంది. అయినా పట్టు వదల్లేదు. బ్యాండు కోసం అతను చేసిన పని అదొక్కటే. ఆ మధ్యాహ్నం అతని మీద నా చులకన కొంచెం సడలిందని ఒప్పుకుంటాను.

మర్నాడే ఆ చులకనను మళ్ళీ బిగించాడు. ఊరేగింపు ఫొటో ఇంటర్నెట్‌లో పెట్టాడు: ‘తుప్పు తొలి వీధి ప్రదర్శన’. ఒక మూల శవపేటిక మీది పూలు కూడా కనిపిస్తున్నాయట.

అప్పటికే ఫణి నన్ను తిరిగి మేడ మీదికి చేర్చి పెడల్ అమర్చాడు. రూతు మేడెక్కి వచ్చింది. “అది తీసెయ్ ధీరజ్.”

“ఎందుకు? ఎంతమంది చూస్తున్నారో తెలుసా? మనం జనంలోకి వెళ్ళాలనేగా అనుకున్నాం!”

“పోయింది మా తాత. నీ పాట రిలీజవ్వలేదు.”

“నువ్వు బాధలో ఉండి మాట్లాడుతున్నావు. రేపు మాట్లాడదాం.”

ఆమె కూర్చుని పెడల్ విప్పి అతని చేతిలో పెట్టింది. నన్ను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగింది. ఫణి ముందే దిగి గేటు తీసి పట్టుకున్నాడు.

తుప్పు రద్దయినట్టు ధీరజ్ ఒక సుదీర్ఘ ప్రకటన రాశాడట. కళ, రాజీ, ద్రోహం అన్నీ ఉన్నాయట అందులో. జవాబిచ్చింది వాళ్ళ మేనమామ ఒక్కడే: ‘మరి ఉద్యోగం సంగతేం చేశావురా?’

నెల తిరక్కుండానే పక్కవీధి నుంచి ఒకాయన రూతు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మా, మా నాన్న పోయారండి. దేవదానం గారి మేళం ఇంకా ఉందాండి?”

రూతు నావైపు చూసింది.

“ఉందండి. ప్రస్తుతానికి నేనొక్కదాన్నే.”

నన్ను లెక్కలో వేయలేదు. మనుషుల తీరే అంత. అయినా పట్టీ మెడలో వేసుకుంటుంటే ఊరుకున్నాను.